శంషాబాదు పరిసర గ్రామాలలో సామాజిక రవాణా సేవలు: స్థానిక నిధుల కొరకు దరఖాస్తు చేయు విధానం

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2008 మార్చి 23న విమానాల రాకపోకలు ఆరంభమైనవి. సుమారు 5,500 ఎకరాల విస్తీర్ణంలో ఏర్పడిన ఈ విమానాశ్రయాన్ని నగరంతో కలుపుటకు వరుసగా పెద్ద మార్గాలు వచ్చినవి. 2008 నవంబరులో గచ్చిబౌలి - శంషాబాదు మధ్య ఔటర్ రింగు రోడ్డు భాగం, 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం ప్రారంభమైనవి. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఫలక్‌నుమా నుండి ఉందానగర్ వరకు పొడిగించబడినది. విమాన ప్రయాణికుల కొరకు ఆర్.టి.సి. పుష్పక్ బస్సులను నడుపుచున్నది.

ఇవన్నీ నగరానికి, విమానాశ్రయానికి మధ్య సాగే ప్రయాణాలకు ఉద్దేశించినవి. విమానాశ్రయంలో పారిశుద్ధ్యం, సరకుల ఎగుమతి దిగుమతి, వంటశాలలు, తోటపని వంటి పనులు ఇరవైనాలుగు గంటలూ సాగుతుండును. పరిసర గ్రామాల నుండి ఆ పనులకు వచ్చు వారి ప్రయాణ దిశ వేరు, వేళలు వేరు. రాత్రి పదిన్నరకు పని ముగించుకొని ఇంటికి చేరవలసిన మహిళకు ఎక్స్‌ప్రెస్ మార్గం వలన కలిగే ప్రయోజనం స్వల్పం. జాతీయ రహదారిపై ఉన్న పాల్మాకుల వంటి గ్రామానికి, రహదారిని వదలి లోపలికి పోవలసిన నర్కుడ, ముచ్చింతల వంటి గ్రామాలకు కూడ అవసరం ఒకటి కాదు. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం క్రింద మహిళలకు ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ సదుపాయం లభించినది. అయితే ఆ సదుపాయం బస్సు వచ్చే ఊరికి మాత్రమే అక్కరకు వచ్చును.

ఈ లోటును తామే తీర్చుకొనదలచిన గ్రామ సమాఖ్యలు, యువజన సంఘాలు, వృద్ధుల సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు ఏయే నిధుల కొరకు ఎవరికి దరఖాస్తు చేసుకొనవలెనో, ఆ దరఖాస్తులో ఏమి ఉండవలెనో తెలియజేయుట ఈ వ్యాసం ఉద్దేశం. వాహనం కొనుటకు నిధులు సమకూరిన చోట కూడ దానిని నడుపుటకు నిధులు లేక సేవ ఆగిపోవుట కద్దు. కనుక ఇందులో కొనుగోలు కంటె నిర్వహణకే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

ముందుగా పర్మిట్టు

సామాజిక రవాణా అనగా లాభాపేక్ష లేకుండా ఒక సంఘం తన ప్రాంత ప్రజల అవసరార్థం వాహనం నడుపుట. బ్రిటన్‌లో 1985 నాటి రవాణా చట్టంలోని 19, 22 సెక్షన్ల క్రింద ఇటువంటి సంఘాలకు ప్రత్యేక పర్మిట్లు ఉన్నవి. మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టంలో అటువంటి ప్రత్యేక తరగతి లేదు. సంఘం నడిపిననూ, వ్యాపారి నడిపిననూ ప్రయాణికులను చేరవేయు వాహనానికి ఒకే నియమం వర్తించును. దరఖాస్తుదారులు తరచుగా విస్మరించు విషయం ఇదే.

సెక్షన్ 66 ప్రకారం రవాణా వాహనానికి పర్మిట్టు తప్పనిసరి. దారిలో ఎక్కువారిని ఎక్కించుకొని, దిగువారిని దించుతూ, ఒక్కొక్కరి వద్ద ఛార్జీ తీసుకొనునది స్టేజ్ క్యారేజ్. దీనికి సెక్షన్ 72 క్రింద పర్మిట్టు పొందవలెను. ఆర్.టి.సి. కొరకు నోటిఫై చేసిన మార్గాలలో ఇతరులకు ఈ పర్మిట్టు లభించుట కష్టం. మొత్తం వాహనాన్ని ఒక ఒప్పందంపై అద్దెకు ఇచ్చునది కాంట్రాక్టు క్యారేజ్. ఇది సెక్షన్ 74 క్రిందికి వచ్చును. దీనిలో మార్గమధ్యంలో కొత్తవారిని ఎక్కించుకొనరాదు. ఒక సంస్థ తన వృత్తి వ్యాపారాల నిమిత్తం, అద్దె తీసుకొనకుండా, తన మనుషులను చేరవేయుటకు వాడు వాహనం ప్రైవేటు సర్వీసు వాహనం అగును. అంబులెన్సులకు, మృతదేహాలను తీసుకొనిపోవు వాహనాలకు పర్మిట్టు అవసరం లేదు.

విద్యుత్ వాహనాలకు 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ముఖ్యమైన వెసులుబాటు కల్పించినది. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలను సెక్షన్ 66లోని పర్మిట్టు నిబంధన నుండి మినహాయించినది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విద్యుత్ వాహన విధానం క్రింద 2026 డిసెంబరు 31 వరకు అర్హత గల తరగతుల వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించబడినవి. తాము కొనదలచిన వాహనం ఆ తరగతులలోనికి వచ్చునో లేదో రవాణా శాఖ కార్యాలయం నుండి లిఖితపూర్వకంగా తెలుసుకొని, ఆ లేఖను దరఖాస్తుకు జతపరచుట మేలు. మినహాయింపు పర్మిట్టుకే గాని బీమాకు, ఫిట్‌నెస్ ధ్రువపత్రానికి, డ్రైవరు లైసెన్సుకు కాదు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన రెండు విషయాలు కూడ గమనింపదగినవి. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ఆటో లేదా ఈ-రిక్షాతో సేవ నడుపదలచిన వారు మార్గ పటంలో సర్వీసు రోడ్డునే చూపవలెను. దాని వలన పెరుగు దూరాన్ని కూడ లెక్కలో చేర్చవలెను. విమానాశ్రయ ఆవరణలో ప్రయాణికులను ఎక్కించి దించుటకు విమానాశ్రయ నిర్వాహకుల సమ్మతి అవసరం. ఆ సమ్మతి లేని పక్షంలో ఆవరణ వెలుపల గల బస్సు స్థలాన్నే చివరి స్టాపుగా చూపుట ఉచితం.

డ్రైవరు విషయంలో 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు చిన్న సంఘాలకు ఊరట కలిగించినది. స్థూల బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి మోటారు వాహన లైసెన్సు గలవారు నడుపవచ్చునని ఆ తీర్పు స్పష్టపరచినది. చిన్న వ్యాను, మినీబస్సులు చాలావరకు ఈ పరిమితిలోనే ఉండును.

గ్రామం ఏ పరిధిలో ఉన్నది?

నిధుల కొరకు ఏ కార్యాలయానికి పోవలెననునది గ్రామం ప్రస్తుతం ఏ పాలక సంస్థ క్రింద ఉన్నదో దానిపై ఆధారపడును. శంషాబాదులో ఇది సులభమైన ప్రశ్న కాదు. శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. 2024లో పెద్దగోల్కొండ, బహదూర్‌గూడ మొదలగు గ్రామపంచాయతీలు అందులో కలిసినవి. 2025 డిసెంబరులో చుట్టుపట్ల గల 27 పట్టణ స్థానిక సంస్థలు గ్రేటర్ హైదరాబాదులో విలీనం కాగా వాటిలో శంషాబాదు కూడ ఉన్నది. మండలంలోని తక్కిన గ్రామాలు పంచాయతీల క్రిందనే కొనసాగినవి.

గ్రామీణ ప్రాంతంలోని స్వయం సహాయక బృందాలు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అనగా సెర్ప్ ద్వారాను, పట్టణ ప్రాంతంలోని బృందాలు మెప్మా ద్వారాను నిధులు పొందును. విలీనమైన గ్రామపు సంఘం పాత అలవాటు కొద్దీ మండల సమాఖ్యకు పెట్టిన దరఖాస్తు, ఎంత సక్రమంగా ఉన్ననూ, అక్కడ మంజూరు కాజాలదు. రెండు పరిధులలోని ఊళ్ళకు ఒకే వాహనం నడుపదలచినచో పంచాయతీ పరిధిలోని సంఘం పేరుతో దరఖాస్తు పెట్టి, రెండవ పరిధిలోని సంఘం తీర్మానాన్ని జతపరచుట ఒక మార్గం.

నిధుల మార్గాలు

మహిళా సంఘాలే వాహనాలు నడుపు పద్ధతికి కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో ఆజీవిక గ్రామీణ ఎక్స్‌ప్రెస్ యోజన పేరుతో రూపం ఇచ్చినది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో ఉపపథకమైన దీనిని 2017-18 నుండి మూడు సంవత్సరాలు దేశంలోని 250 బ్లాకులలో ప్రయోగాత్మకంగా అమలుపరచ నిర్ణయించినారు. సామాజిక పెట్టుబడి నిధి నుండి రూ.6.50 లక్షల వరకు వడ్డీ లేని రుణంతో ఈ-రిక్షా, ఆటో లేదా చిన్న నాలుగు చక్రాల వాహనం కొని, బస్సు లేని మార్గంలో సభ్యురాలే నడుపుకొనుట దీని పద్ధతి. వాహనాన్ని సమాఖ్య తన పేరున కొని సభ్యురాలికి లీజుకు ఇచ్చుట ఒక ఏర్పాటు, సభ్యురాలికే రుణమిచ్చుట మరొక ఏర్పాటు. ప్రయోగ కాలం ముగిసినప్పటికీ ఈ పథకపు నమూనా నేటికీ పనికివచ్చును. మార్గ సర్వే ముందు, వాహనం తరువాత అను దాని క్రమం ప్రతి దరఖాస్తుదారుడు అనుసరింపదగినది.

రాష్ట్రంలో ఇందిరా మహిళా శక్తి క్రింద చేపట్టిన అద్దె బస్సుల పథకం ఇంతకంటె పెద్దది. 2025 మార్చి 8న సికింద్రాబాదు పరేడ్ మైదానంలో జరిగిన మహిళా దినోత్సవ సభలో తొలి విడతగా మండల మహిళా సమాఖ్యలకు చెందిన 150 బస్సులతో ఇది ప్రారంభమైనది. ఒక్కొక్క బస్సు ధర రూ.36 లక్షలు. అందులో రూ.30 లక్షలు సెర్ప్ ద్వారా ప్రభుత్వం సమకూర్చగా, మిగిలిన రూ.6 లక్షలు మండల సమాఖ్య భరించినది. బస్సును ఆర్.టి.సి. తీసుకొని నెలకు రూ.77,220 అద్దె చెల్లించునట్లు ఏర్పాటు జరిగినది. సంవత్సరానికి ఇది రూ.9,26,640 అగును.

ఈ ఏర్పాటులోని బలం స్పష్టమే. పర్మిట్టు చిక్కు, రోజువారీ వసూళ్ళ ఒడిదుడుకులు సమాఖ్యకు ఉండవు. అయితే బస్సు ఏ మార్గంలో, ఏ వేళకు తిరుగవలెనో నిర్ణయించునది ఆర్.టి.సి. సమాఖ్యకు ఆదాయం వచ్చుట వేరు, ఆ సమాఖ్య సభ్యుల ఊరికి బస్సు వచ్చుట వేరు. ఊరికి బస్సు కావలెనన్నచో మార్గం కొరకు ఆర్.టి.సి. డిపో మేనేజరుకు వేరుగా వినతిపత్రం సమర్పించవలెను. ప్రయాణికుల సంఖ్య, రోడ్డు వెడల్పు, బస్సు తిరుగుటకు చోటు ఈ మూడింటి వివరాలు లేని వినతిపై డిపో అధికారులు నిర్ణయం తీసుకొనుట కష్టం.

పంచాయతీ నిధులపై చాలా సంఘాలు ఆశ పెట్టుకొనును. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంటులలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టుబడి ఉన్నది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చును గాని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడరాదు. డ్రైవరు జీతం అందులో నుండి రాదు. బస్సు షెల్టరు, ఇరుకు మలుపు వెడల్పు చేయుట, వీధి దీపాలు వంటి వాటికి పంచాయతీని అడుగుట సమంజసం. బస్సు తిరుగుటకు స్థలం చదునుచేసి ఇచ్చిన పంచాయతీ, వాహనం కొన్న పంచాయతీ కంటె ఎక్కువ మేలు చేసినట్లే.

పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి సభ్యునికి సంవత్సరానికి రూ.5 కోట్లు. శంషాబాదు మండలం చేవెళ్ల లోక్‌సభ, రాజేంద్రనగర్ శాసనసభ నియోజకవర్గాల పరిధిలోనిది. ఈ నిధి మన్నికగల ఆస్తుల కల్పనకు ఉద్దేశించినది. వాహనం మంజూరైననూ ఇంధనం, జీతం, మరమ్మతుల భారం దానిని నడుపు సంస్థదే. అంబులెన్సు అడుగు సంఘాలు ఒక విషయం ఆలోచింపవలెను. అత్యవసర సేవకు 2005 ఆగస్టు 15 నుండి 108 వాహనాలు ఉన్నవి. వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కు పోవలసిన రోగికి, నెలనెలా పరీక్షలకు పోవు వృద్ధునికి 108 వర్తించదు. కొరత అక్కడ ఉన్నది. ఆ కొరతను చూపిన దరఖాస్తుకు బలం చేకూరును.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు విమానాశ్రయ ప్రాంతంలో సహజంగా గుర్తుకు వచ్చు మార్గం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం అర్హత గల కంపెనీలు గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుచేయవలెను. తాము పనిచేయు స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వవలెను. జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ విమానాశ్రయ పరిసర గ్రామాలలో పనిచేయుచున్నది. చట్టపు ఏడవ షెడ్యూలులో రవాణా అను పద్దు విడిగా లేదు. కనుక ప్రతిపాదనను ఆరోగ్యం, విద్య, మహిళా సాధికారత లేదా గ్రామీణాభివృద్ధి పద్దు క్రింద రూపొందించవలెను. నిధులు పొందదలచిన స్వచ్ఛంద సంస్థకు ఆదాయపు పన్ను చట్టం క్రింద 12ఏ, 80జీ నమోదులు, మూడు సంవత్సరాల పని అనుభవం, సి.ఎస్.ఆర్.-1 నమోదు ఉండవలెను. ఇవి లేని సంఘం, ఉన్న సంస్థతో కలిసి దరఖాస్తు చేసుకొనవచ్చును.

ఇందులో ఒక మెలిక ఉన్నది. కంపెనీ తన ఉద్యోగుల ప్రయోజనానికి చేయు ఖర్చు సామాజిక బాధ్యత క్రిందికి రాదని నియమాలు చెప్పుచున్నవి. విమానాశ్రయంలో పనిచేయు సంస్థను తన షిఫ్టు సిబ్బందిని చేరవేయుటకు ఈ నిధి అడిగినచో తిరస్కరణ తప్పదు. అదే సంస్థతో షిఫ్టు రవాణాకు నెలవారీ కాంట్రాక్టు కుదుర్చుకొనవచ్చును. అది సంస్థకు వ్యాపార ఖర్చు, సంఘానికి స్థిరమైన ఆదాయం.

వ్యక్తిగతంగా ఆటో లేదా ట్యాక్సీ కొనదలచిన వారికి ముద్రా రుణాలు, బృంద సభ్యులకు 2011లో ఏర్పడిన స్త్రీనిధి రుణాలు ఉన్నవి. ఇవి అప్పులే గాని సేవకు గ్రాంటులు కావు.

నెల ఖర్చు లెక్క

దరఖాస్తులో అధికారి ముందుగా చూడదగిన పుట ఇది. ఒక ఉదాహరణ తీసుకొందము. పద్దెనిమిది కిలోమీటర్ల మార్గంలో మినీబస్సు రోజుకు ఆరు ట్రిప్పులు, నెలకు 26 రోజులు తిరుగుననుకొన్నచో మొత్తం 2,808 కిలోమీటర్లు. లీటరుకు 8 కిలోమీటర్ల చొప్పున 351 లీటర్ల డీజిలు కావలెను. లీటరు రూ.95గా లెక్కించినచో రూ.33,345. ఉదయం, రాత్రి షిఫ్టులకు ఇద్దరు డ్రైవర్లు, ఒక్కొక్కరికి రూ.18,000 చొప్పున రూ.36,000. బీమా, టైర్లు, మరమ్మతుల నిమిత్తం నెలకు రూ.15,000 ప్రక్కన పెట్టవలెను. మొత్తం రూ.84,345.

ఇక రాబడి. ఆర్.టి.సి.లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉన్న ప్రాంతంలో ఛార్జీ ఇచ్చి ఎక్కువారు తక్కువగానే ఉందురు. రోజుకు 60 మంది రూ.20 చొప్పున ఇచ్చిననూ నెలకు రూ.31,200 మాత్రమే. నెలకు రూ.53,145, సంవత్సరానికి రూ.6,37,740 లోటు. వాహనం ఉచితంగా వచ్చిననూ ఈ లోటు అట్లే ఉండును. అంకెలు ఊరిని బట్టి మారును గాని లోటు ఉండదని చూపు దరఖాస్తును ఏ అధికారి అయినా అనుమానించును. లోటు ఎంతో, దానిని ఎవరు పూడ్చుదురో చెప్పిన దరఖాస్తునే నమ్మును.

లోటు పూడ్చుటకు కేరళలో ఒక పద్ధతి ఉన్నది. 2022 జూలైలో తిరువనంతపురం జిల్లా పారశ్శాల ప్రాంతంలోని కొల్లయిల్ పంచాయతీలో ప్రారంభమైన గ్రామవండి పథకంలో ఇంధన ఖర్చు స్థానిక సంస్థది, బస్సు, సిబ్బంది జీతాలు అక్కడి రోడ్డు రవాణా సంస్థవి. తమకు కావలసిన మార్గాన్ని, వేళలను స్థానిక సంస్థ సూచించును. పై ఉదాహరణలో డీజిలు ఖర్చు మొత్తంలో సుమారు 40 శాతమే అని గమనించినచో ఈ పంపకంలోని తెలివి బోధపడును. శంషాబాదు వంటి చోట పగటి ట్రిప్పులు గ్రామానికి, తెల్లవారుజాము, రాత్రి ట్రిప్పులు షిఫ్టు కాంట్రాక్టుకు కేటాయించినచో అదే వాహనంతో లోటు గణనీయంగా తగ్గును. అట్టి సందర్భంలో రెండు వాడకాలకూ పర్మిట్టు వర్తించునో లేదో ముందుగా విచారించవలెను.

జతపరచవలసినవి, సమర్పించవలసిన చోటు

సంఘం నమోదు పత్రం, తీర్మానం నకలు, బ్యాంకు ఖాతా వివరాలు, మూడు సంవత్సరాల ఆడిట్ లెక్కలు, రెండు విక్రయ సంస్థల నుండి ధరల పత్రాలు సాధారణంగా కోరబడును. వీటికి తోడు మార్గ పటం, కనీసం ఒక వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి స్టాపుల వద్ద నిలుచువారిని లెక్కించిన పట్టిక జతపరచవలెను. ఈ లెక్కింపుకు ఖర్చు లేదు. ఇద్దరు కళాశాల విద్యార్థులు చాలును. వాహనం ఎవరి పేరున రిజిస్టరగును, రాత్రి ఎక్కడ నిలుపబడును, ప్రమాదం జరిగినచో బాధ్యత ఎవరిది, సంఘం రద్దయినచో వాహనం ఎవరికి చెందును అను నాలుగు ప్రశ్నలకు తీర్మానంలోనే జవాబు వ్రాసి ఉంచవలెను.

పంచాయతీ పరిధిలోని బృందాలు మండల సమాఖ్య ద్వారా ఇందిరా క్రాంతి పథం కార్యాలయంలోను, అక్కడి నుండి జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారికిని దరఖాస్తు పంపవలెను. విలీన ప్రాంతాల వారు మెప్మా సిబ్బందిని సంప్రదించవలెను. పార్లమెంటు సభ్యుల నిధికి ముందుగా సభ్యుని సిఫారసు లేఖ అవసరం. మంజూరు జిల్లా యంత్రాంగం ద్వారా జరుగును. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు నేరుగా విన్నవించుకొనవచ్చును. రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు 2022 ఆగస్టు నుండి కొంగరకలాన్‌లో ఉన్నది. శంషాబాదు లోపలి గ్రామాల నుండి అక్కడికి చేరుటయే ఒక పూట ప్రయాణం కనుక పత్రాలన్నీ ఒకేసారి సిద్ధపరచుకొని వెళ్ళుట మంచిది. దరఖాస్తు నకలుపై తేదీతో కూడిన రసీదు ముద్ర వేయించుకొని, ఆ సంఖ్యను సంఘం మినిట్స్ పుస్తకంలో నమోదు చేసి ఉంచవలెను.